మానేరు ఒడ్డు నుంచి మార్లవాయి దాకా

ఫ్రాన్సు ద్రాక్షతోటల్లో వారం రోజులు తిరగాలనుకునేవాళ్లు ముందుగా చూసుకునేది కాలం. సెప్టెంబరులో వెళ్తే కోత కళ్లారా చూడొచ్చు. చలికాలంలో వెళ్తే మోడువారిన తీగలు, నేలమాళిగల్లో పీపాలు తప్ప ఏమీ కనిపించవు. బోర్డోకు పోవాలా, బర్గండీకి పోవాలా అన్నది ఆ తర్వాతి లెక్క. ఒక మిత్రుడు అలాంటి యాత్రకు పటం ముందేసుకుని కూర్చుంటే నేనూ పక్కన చేరాను. ఏ ఊళ్లో ఏ మట్టి, ఆ మట్టిలో ఏ ద్రాక్ష, ఆ ద్రాక్షకు ఏ రుచి అని ఆయన చెబుతుంటే నా మనసు కరీంనగర్, ఆదిలాబాదుల మీదికి పోయింది. మనకూ తాటివనాలున్నాయి, ఈతవనాలున్నాయి. గోదావరి దాటితే ఇప్పచెట్లున్నాయి. చెట్టుకో రుచి, నేలకో రుచి ఉన్నాయి. వాటికోసం వారం రోజులు ఎందుకు పెట్టుకోకూడదు? ఆ ఆలోచనే నన్ను బయల్దేరదీసింది.

ఈ యాత్రకూ కాలమే ముఖ్యం. ఈతచెట్టు చలికాలంలో బాగా పారుతుంది. తాడు సంక్రాంతి తర్వాత అందుకుని ఎండాకాలమంతా ఇస్తుంది. ఇప్పపువ్వు మార్చి, ఏప్రిల్ నెలల్లో రాలుతుంది. మూడింటినీ ఒకే ప్రయాణంలో అందుకోవాలంటే శివరాత్రి వెళ్లి ఉగాది వచ్చే రోజుల్లో కదలాలి. అప్పటికి ఈత వెనకపట్టు పడుతుంది, తాడు నిండుగా పారుతుంది, అడవిలో ఇప్ప మొదలవుతుంది. దారి ఇలా వేసుకున్నాను: కరీంనగర్ నుంచి గంగాధర, కొండగట్టు మీదుగా జగిత్యాల, అక్కణ్నించి ధర్మపురి, రాయపట్నం వంతెన మీద గోదావరి దాటి లక్సెట్టిపేట, జన్నారం, ఉట్నూరు, ఇంద్రవెల్లి. 2016లో జిల్లాలు విడిపోయాక ఇదంతా నాలుగు జిల్లాల దారి అయింది. జనం నోట మాత్రం ఇంకా పాత రెండు జిల్లాలే. రుచి చూడటానికి పోతున్నవాడు స్టీరింగు పట్టకూడదు కనక ఆర్టీసీ బస్సులు, ఆటోలు, మిగిలినంత నడక.

మొదటి మజిలీ ఎలగందుల దిక్కు. కరీంనగర్ కంటే ముందు జిల్లాకు పేరిచ్చిన ఊరు ఇది. గుట్ట మీద కోట, కింద మానేరు. తెల్లవారకముందే ఊరి బయటి ఈతవనానికి చేరాను. తాటిచెట్టుకు గెలల్లోంచి కల్లు వస్తుంది. ఈతచెట్టుకు మొవ్వు కింద కాండాన్నే గీస్తారు. ఒక పక్క మట్టలు కొట్టేసి, లోపలి తెల్లటి మెత్తని భాగం బయటపడేదాకా చెక్కి, కింద లొట్టి కడతారు. మరుసటేడు రెండో పక్క గీస్తారు. అందుకే ముసలి ఈతచెట్టు ఒంటిమీద ఇటొకటి, అటొకటి మెట్లుమెట్లుగా గాట్లుంటాయి. ఆ గాట్లు లెక్కపెడితే చెట్టు ఎన్నేళ్లు కల్లిచ్చిందో తెలిసిపోతుంది. నేను వేలుపెట్టి లెక్కపెడుతుంటే ఆ చెట్లు గీసే పెద్దగౌడు దగ్గరికొచ్చాడు.

"ఒక్క దిక్కే గీస్తే చెట్టు సస్తది బిడ్డా. దానికి గూడ ఆరాం గావాలె. మా తాత గీసిన గాట్లు గూడ ఉన్నయి సూడు, కింద."

దించిన లొట్టిలోంచి ఈతకల్లు పోశాడు. పలుచగా, తియ్యగా, పచ్చి ఈతపండు వాసనతో గొంతులోకి జారిపోయింది. సీజను చివర కాబట్టి తీపి వెనకాల కొంచెం వగరు తగిలింది. చలి ముదిరిన పుష్యమాసంలో ఆ వగరు ఉండదని, అప్పుడొచ్చి తాగాలని ఆయన గట్టిగా చెప్పాడు.

గంగాధర దాటాక దారికి రెండువైపులా తాళ్లే. పొలాల గట్ల మీద, చెరువు కట్టల మీద, గ్రానైటు క్వారీలు మిగిల్చిన గుట్టల అంచున కూడా. తాటిలో పోతుచెట్టు వేరు, పండుచెట్టు వేరు. రెండింటి కల్లూ ఒకటి కాదని తాగేవాళ్లందరికీ తెలుసు. ఆ పూట గీత మొదటినుంచీ చూడాలని చెట్టుకిందే కూర్చున్నాను. గౌడన్న నడుముకు ముస్తాదు బిగించి, మోకు చెట్టుచుట్టూ తిప్పి, కాళ్లకు బంధం వేసుకున్నాడు. ఎక్కేముందు చెట్టును తాకి కళ్లకద్దుకుని గీతవాళ్ల దేవుడు కాటమయ్యను తలుచుకున్నాడు. అరవై అడుగుల చెట్టు. మోకును పైకి విసరడం, కాళ్లు జరపడం, మళ్లీ విసరడం. మొవ్వు దగ్గర ఒంటిబరువంతా మోకు మీద వదిలేసి రెండు చేతులతో పని మొదలుపెట్టాడు. కట్టి ఉంచిన గెల కొసను కత్తితో ఒక పొర తీశాడు. ఆ పొర కాగితమంత పలుచన. మందంగా కోస్తే గెల తొందరగా అయిపోతుంది, కోయకపోతే కొస ఎండి పారడం ఆగిపోతుంది. అందుకే రోజుకు రెండుమూడు సార్లు ఎక్కాలి. ఒక్క చెట్టు కాదు, తన వంతుకొచ్చిన చెట్లన్నీ.

జారిపడి చనిపోయినవాళ్లు, నడుము విరిగి మంచాన పడ్డవాళ్లు లేని గీత ఊరు లేదు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం కాటమయ్య పేరుతోనే రక్షణ కవచం పథకం తెచ్చి, జారినా కిందపడకుండా పట్టుకునే తాళ్లు, బెల్టులు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇది ఎప్పుడో రావలసిన సాయం. చెట్టెక్కే ప్రతి మనిషికీ అందాలి.

దించిన కల్లులో మొదటి చుక్కలు నేలమీద సాక పోశాడు. తర్వాత తాటాకు మడిచి రేక చేసి నా చేతికిచ్చాడు. ఆ ఒక్క లొట్టినే రోజంతా రుచి చూశాను. పొద్దున పాలలా తెల్లగా, తియ్యగా ఉంది. ఎండెక్కేసరికి నురుగు పొంగి, నాలుక మీద చురచురలాడింది. పొద్దుగూకే వేళకు తీపి పోయి, పులుపు, ఘాటు మిగిలాయి. తాటినీరులో నూటికి పది పన్నెండు పాళ్లు చక్కెర ఉంటుంది. లొట్టిని అంటిపెట్టుకున్న ఈస్టు దాన్ని చెట్టుమీదనే పులియబెట్టడం మొదలుపెడుతుంది. కొద్ది గంటల్లో నాలుగైదు పాళ్ల ఆల్కహాలు తయారవుతుంది, అది దాటితే సిర్కా దారి పడుతుంది. లొట్టికి లోపల సున్నం పూస్తే పులియడం ఆగి నీరాగా మిగులుతుంది.

ఫ్రెంచి వైనుకూ మన కల్లుకూ అసలు తేడా ఇక్కడుంది. అక్కడ సీసాలో ఏళ్లు గడిచేకొద్దీ విలువ పెరుగుతుంది, సీసా ఓడెక్కి ప్రపంచమంతా తిరుగుతుంది. ఇక్కడ గంట గడిస్తే రుచి మారిపోతుంది. కల్లు మన దగ్గరికి రాదు, మనమే చెట్టుకిందికి పోవాలి. పక్కన బొబ్బర గుడాలు, ఎండుచేప వేపుడు పెట్టుకుని, నలుగురితో కూర్చుని, ఆ పూటకు ఆ పూటే తాగాలి. అట్లా తాగినవాడికి గీసినవాడి ముఖం తెలుస్తుంది. అదే ఈ పానీయం గొప్పతనం.

ఆ ముఖం తెలియకుండా తాగే చోటు కూడా చూశాను. దారిలో ఒక పట్నంలో కల్లు కాంపౌండుకు పోతే చుట్టుపక్కల చూపుమేరలో ఒక్క తాటిచెట్టు లేదు. లోపల మాత్రం డ్రమ్ముల కొద్దీ కల్లు. అంత కల్లు ఎక్కణ్నించి వస్తుంది? మందు కల్లు సంగతి తెలంగాణలో అందరికీ తెలిసిందే. నీళ్లలో క్లోరల్ హైడ్రేటు, డైజెపాం, అల్ప్రజోలాం లాంటి మత్తుమందులు కలిపి, తీపికి శాకరిన్ వేసి అమ్ముతారు. వాటికి ఒళ్లు అలవాటుపడ్డవాళ్లు ఒక్కసారిగా మానితే చేతులు వణికి, ఫిట్స్ వచ్చి, లేనివి కనిపించి ఆస్పత్రి పాలవుతారు. దుకాణాలు మూతపడినప్పుడల్లా ఇది జరుగుతూనే ఉంది. చెట్లు కొట్టేసి ప్లాట్లు చేసిన కొద్దీ అసలు కల్లు తగ్గింది, గిరాకీ తగ్గలేదు. ఆ సందులోకి దూరింది ఈ విషం. తాగేవాళ్లలో ఎక్కువమంది కూలిపని చేసుకునేవాళ్లు. పేదవాడి గొంతులో పోసే ఈ మోసాన్ని కల్లు అనడమే గీత వృత్తికి అవమానం.

జగిత్యాల, ధర్మపురి తొందరగా దాటాను. నరసింహస్వామి దర్శనం చేసుకుని, గోదావరిలో కాళ్లు కడుక్కుని వంతెన ఎక్కాను. ఇటు చల్క నేలలు, చెరువులు, తాళ్లు. అటు లక్సెట్టిపేట దాటి జన్నారం చేరేసరికి టేకు అడవి మొదలవుతుంది. కవ్వాల్ పులుల అభయారణ్యం ఇది. ఉట్నూరు దిక్కు ఎత్తు పెరిగేకొద్దీ నల్లరేగడి చేన్లు, తీసేసిన పత్తిచేలలో ఒంటరిగా నిలబడ్డ ఇప్పచెట్లు. చేను చదును చేసేటప్పుడు అన్నీ కొట్టేసినా ఇప్పచెట్టును మాత్రం గోండులు కొట్టరు.

ఇప్ప రాత్రిపూట రాలుతుంది. చీకటి ఉండగానే గూడెం లేస్తుంది. నేను వెళ్లిన చెట్టుకింద ఆకులన్నీ ముందే ఊడ్చి నేల శుభ్రం చేసి పెట్టుకున్నారు. ఒక అవ్వ, ఆమె మనవరాలు బుట్టలతో వంగి ఏరుతున్నారు. పువ్వు లేత పసుపు కలిసిన తెలుపు, కండగా ఉంటుంది, రెండు కొసలకూ చిల్లు. మంచుతో తడిసి చల్లగా ఉంది. నోట్లో వేసుకుంటే ముందు తేనె తీపి, వెంటనే ముక్కుకు తగిలే ఘాటైన వాసన. ఆ వాసన ఆ రోజంతా చేతులను వదల్లేదు.

"ఏ చెట్టు ఎవరిదో మీకెట్ల తెలుస్తది అవ్వా?" అని అడిగాను.

"గీ చెట్టు మా అత్తది, ఆమెకు ఆమె అత్త ఇచ్చింది. ఊరందరికి ఎరుకే దాదా. పొద్దెక్కకముందే ఏరాలె, లేకుంటే జింకలు, గుడ్డేళ్లు తినిపోతయి."

ఏరిన పువ్వును వాకిట్లో ఎండబెడతారు. ఎండితే రంగు తిరిగి, ముడుచుకుని ఎండుద్రాక్షలా అవుతుంది. ఆ ఎండు పువ్వు బరువులో సగానికి మించి చక్కెరే. వానాకాలం గింజలు నిండుకున్న రోజుల్లో జొన్నలతో కలిపి ఉడికించుకుని తిన్న తరాలున్నాయి. ఇప్పగింజల నుంచి నూనె తీస్తారు. కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు మెస్రం వంశస్థులు చేసే నాగోబా పూజలో వెలిగేది ఆ ఇప్పనూనె దీపమే. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వుతో లడ్డూలు చేస్తున్నారు. రక్తహీనత ఉన్న గర్భిణులకు వాటిని ఇస్తున్నారు. నువ్వులు, బెల్లం కలిసిన ఆ లడ్డూ ఒకటి తింటే చాలు, కడుపు నిండుతుంది.

ఇప్పసారా సంగతి వేరు. పుట్టుకకు, పెళ్లికి, చావుకు, దేవుడి ముందుకు అది లేనిదే గోండుల కార్యం జరగదు. అయినా ఇంట్లో బట్టీ పెట్టడాన్ని ఎక్సైజు చట్టం ఒప్పుకోదు. ఈ తగాదా ఇప్పటిది కాదు. 1892లో బొంబాయి ప్రభుత్వం ఇప్పపువ్వును ఏరడం, దాచడం మీదనే ఆంక్షలు పెడుతూ చట్టం చేసింది. నిజాం రాజ్యంలోనూ కల్లు, సారా ఖజానాకు పెద్ద రాబడి, వాటి హక్కు ఆబ్కారీ గుత్తేదార్లది. జల్, జంగల్, జమీన్ అని పోరాడిన కుమ్రం భీం 1940లో నేలకొరిగిన జోడేఘాట్ ఈ కొండల్లోనే ఉంది. చెట్టు మీద, దాని పువ్వు మీద ఎవరి మాట చెల్లాలన్నదీ ఆ పోరాటంలో భాగమేనని అక్కడ నిలబడితే తెలుస్తుంది.

చివరి మజిలీ మార్లవాయి. గోండుల మధ్య బతికి, 1948లో వాళ్ల మీద పెద్ద గ్రంథం వెలువరించిన హైమెండార్ఫ్, ఆయన భార్య బెట్టీ సమాధులు ఇక్కడున్నాయి. గుస్సాడీ కళాకారుడు, పద్మశ్రీ కనకరాజు ఊరూ ఇదే. సాయంత్రం పటేలు ఇంటి ముందు కూర్చున్నప్పుడు ఏ వాగు పక్క ఇప్ప తియ్యన, ఏ గట్టు ఇప్ప ఘాటు అన్న మాట వచ్చింది. ముసలివాళ్లు ఒక్కో చెట్టునూ గుర్తుచేసుకుంటూ వాదించుకున్నారు. బర్గండీలో ఒక్కో మడికి ఒక్కో పేరు పెట్టి, గోడకు అవతలి వైను వేరంటారట. 2015లో యునెస్కో ఆ మడులను ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. మార్లవాయి పెద్దల దగ్గర ఉన్నదీ అదే జ్ఞానం. దాన్ని రాసిపెట్టిన రికార్డు లేదు, అంతే.

ఫ్రాన్సు 1935లోనే చట్టం చేసి ఏ ఊరి వైనుకు ఆ ఊరి పేరును కాపాడుకుంది. మన దేశంలోనే గోవా 2009లో జీడిమామిడి ఫెనీకి భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది. మధ్యప్రదేశ్ ఆదివాసీలు చేసే ఇప్పసారాను వారసత్వ పానీయంగా అమ్ముకోనిచ్చింది. కరీంనగర్ వెండి ఫిలిగ్రీకి, నిర్మల్ కొయ్యబొమ్మలకు గుర్తింపు తెచ్చుకున్న మనం ఆదిలాబాదు ఇప్పకూ తెచ్చుకోగలం. కల్లుకు కావలసింది ఇంకా సులువైనది: చెట్లు నాటడం, ఉన్నవాటిని కొట్టనివ్వకపోవడం, మందు కలిపేవాణ్ని వదలకపోవడం.

ఈ దారిన రాదలచుకున్నవాళ్లకు నాలుగు మాటలు. పొద్దున్నే రండి. చెట్టు చూడకుండా తాగకండి. అడిగినంత ధర ఇవ్వండి, బేరమాడకండి. గూడెంలోకి పటేలుకు చెప్పి వెళ్లండి. జగిత్యాల దిక్కు నేను కలిసిన గౌడన్నలలో చాలామంది కొడుకులు దుబాయిలో ఉన్నారు. గీత నేర్చినవాళ్లు కూడా కత్తి అటక మీద పెట్టి విమానమెక్కారు. ఇంటి దగ్గర అంత సంపాదన ఉంటే ఎందుకు పోతారు? చెట్టుకిందికి వచ్చి తాగే మనుషులు పెరిగితే ఆ కత్తులు మళ్లీ కిందికి దిగుతాయి. రుచి తెలిసినవాళ్లు ఈ వృత్తికి చేయగలిగిన మేలు అదే, అది ఈ ఎండాకాలంలోనే మొదలుపెట్టొచ్చు.