సమాధి లేనివారి ఈస్టరు



ఈస్టరుకు మన పల్లెల్లో ఏం జరుగుతుందో మీకు తెలిసిందే. ముందే సమాధులకు సున్నం వేసుకుంటాం. ఆదివారం చీకటి ఉండగానే పూలు, కొవ్వొత్తులు పట్టుకుని వెళ్తాం. మనవాళ్ళ పేర్లు తలుచుకుని, ప్రభువు లేచాడని పాడుకుంటాం.

మన సంఘంలో ఒక అమ్మగారికి ఆ వేళ వెళ్ళడానికి సమాధి లేదు. 1996 నవంబరు 6న కోనసీమ మీద పడ్డ తుపానులో, వేటకు వెళ్ళిన ఆమె భర్త తిరిగి రాలేదు. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు ఇలాంటి ఇళ్ళు ఎన్నో. పడిపోయిన కొబ్బరిచెట్ల చోట మళ్ళీ మొక్కలు నాటుకున్నాం. శవం దొరకని ఇంట్లో మాత్రం ఏడుపు ఎప్పుడు ఆపాలో ఎవరికీ తెలియదు.

నేనిక్కడికి వచ్చిన మొదటి ఈస్టరు నాడు ఆమె సమాధుల తోట గేటు దగ్గరే ఆగిపోయి అడిగింది. "అయ్యగారూ, మట్టిలో పెట్టినోళ్ళు లేత్తారంటే నమ్ముతానండి. మా ఆయన్ని చేపలు తినేసుంటాయి కదండీ. ఆయనెక్కణ్ణుంచి లేత్తాడండి?"

సముద్రం కూడా తనలోని మృతులను అప్పగిస్తుందని ప్రకటన 20:13 చూపించాను. "ఆ వాక్యం నాకూ తెలుసండి" అని ఆమె ఇంటికి వెళ్ళిపోయింది.

తెలియక అడగలేదని నాకు అర్థం కావడానికి మా ఇంట్లో మరణం రావలసి వచ్చింది. ఎన్నో భూస్థాపనల్లో చదివిన 1 కొరింథీ 15వ అధ్యాయం, మా నాన్నగారి పెట్టె ముందు చదవబోతే గొంతు పెగల్లేదు. దుఃఖం అనుకున్నారంతా. దుఃఖం ఒక్కటే కాదు. ఇదంతా నిజమేనా అన్న ఆలోచన. పాస్టరుగారికి అలాంటివి రావని మీరనుకుంటుంటే, వస్తాయి.

సెమినరీలో గ్రీకు నాకు అంతంత మాత్రమే వచ్చింది. ఒక్క సంగతి మాత్రం మనసులో ఉండిపోయింది. మత్తయి 28:17లో, లేచిన ప్రభువు ఎదుటే కొందరు సందేహించారని ఉంది. అక్కడి గ్రీకు క్రియాపదం క్రొత్త నిబంధన అంతటిలో రెండే చోట్ల కనబడుతుంది. ఇంకొకటి మత్తయి 14:31, నీళ్ళలో మునిగిపోతున్న పేతురు దగ్గర. అక్కడి వరుస గమనించండి. ప్రభువు ముందు చెయ్యి చాపి పట్టుకున్నాడు. ఎందుకు సందేహపడ్డావని అడిగింది ఆ తరువాత. గలిలయ కొండ మీదైతే అసలు అడగనేలేదు. సందేహించినవారిని పక్కన నిలబెట్టకుండా అందరికీ కలిపే పని అప్పగించాడు. తోమా నమ్మనన్న తరువాత కూడా, ఎనిమిది దినాలకు ఆ శిష్యులతోనే ఉన్నాడు. (మద్రాసు వెళ్ళినప్పుడు మనవాళ్ళు సెయింట్ థామస్ మౌంట్ చూసి వస్తారు. మన సముద్రపు ఒడ్డుదాకా వచ్చినవాడు ఆ సందేహించిన తోమాయేనని సంప్రదాయం.)

నేనేమో ఆమె చెయ్యి పట్టుకోకముందే జవాబు చెప్పేశాను.

పోయిన ఈస్టరుకు, సంఘపెద్దలతో ముందే మాట్లాడి, సమాధుల దగ్గర ప్రార్థన అయ్యాక పదిహేనుమందిమి ఆమెతో సముద్రపు ఒడ్డుకు వెళ్ళాం. గాలికి కొవ్వొత్తి నిలవలేదు. నాలుగుసార్లు ఆరిపోయాక మనవరాలు ఇసుకలో గుంట తవ్వి అందులో పెట్టింది. నేను వాక్యం చెప్పలేదు. ఆమె భర్త పేరు పైకి పలికింది. మన ఆడవాళ్ళు భర్త పేరు చెప్పరు కదా, ఆమె నోట ఆ పేరు వినడం నాకదే మొదటిసారి.

తిరిగి వస్తుంటే, "నాకింకా అనుమానం పోలేదండి అయ్యగారూ" అంది.

"నాకూ అప్పుడప్పుడు వస్తుందమ్మా" అన్నాను.

కాసేపు మాట్లాడకుండా నడిచి, "అయితే వచ్చే ఏడు కూడా వద్దామండి" అంది.