పదునాల్గవ శ్లోకము వద్ద

మెట్‌పల్లిలోని మా ఇంట భోజనమునకు ముందు గీత పదునైదవ అధ్యాయము పఠించుట ఆచారము. తాను వైశ్వానరాగ్నియై ప్రాణుల దేహములందు చతుర్విధాన్నమును పచనము చేయుదునని భగవానుడు చెప్పిన శ్లోకము వద్ద ఇటీవల నా గొంతు పెగలదు.

దౌహిత్రునికి మూడవ మాసమునుండియే విరేచనములు, రక్తము, జ్వరము. ఏ మందుకును తగ్గలేదు. ఆయుర్వేదము అగ్నిస్థానమని చెప్పిన గ్రహణి చెడినదనుకొంటిని. పూర్వజన్మ కర్మమనిరి ఇరుగుపొరుగువారు. వారికంటె ముందు అన్నది నేనే.

హైదరాబాదులో వైద్యులు ప్రేవులను పరీక్షించి, జన్యుపరీక్ష చేయించిరి. ఇంటర్‌ల్యూకిన్-10 అనునది దేహములో తాపమును శమింపజేయు సంకేతము. దానిని అందుకొను గ్రాహకము శిశువునకు లోపించినది. అందుచే రక్షక కణములే ప్రేవులను దహించుచున్నవి. 2009లో శాస్త్రజ్ఞులు గుర్తించిన అరుదైన లోపమిది. తల్లినుండియు తండ్రినుండియు దోషజన్యువు వచ్చిననే కలుగును. మేనరికములలో ఆ అవకాశము హెచ్చు.

చెల్లెలి కుమారునికే అమ్మాయిని ఇయ్యవలెనని పట్టుబట్టినది నేను. అమ్మాయి వలదన్నది. కర్మను వెదకుటకు పూర్వజన్మదాక పోవలసిన పని లేకపోయినది.

మజ్జ మార్పిడియే మార్గమనిరి. బాలుని అక్క మజ్జ సరిపోయినది. దానికి ఆరేండ్లు. నిన్న విస్తరి ముందు అడిగినది: "తాతా, నాది ఇస్తే తమ్ముడు పెరుగన్నం తింటడా?"