అమ్మ నీరసం, పొద్దున్న 8 గంటల రక్తం

పరీక్షలయ్యాక రాస్తానన్న పోస్టు ఇది. పెద్దదే, కానీ ఆఖరి వరకు చదవండి.

మాది మందస మండలంలో కొండమీద సవర ఊరు. కింద ఉద్దానం. అందుకే మా వైపు ఎవరైనా నీరసం అంటే మొదటి మాట "క్రియాటినిన్ చూపించారా?" అమ్మకీ పలాసలో అదే చేయించాం. బాగానే ఉంది. తర్వాత టెక్కలిలో ఒక డాక్టరు థైరాయిడ్ తక్కువని పరగడుపున వేసుకునే మాత్ర రాశారు. ముందు 50 మైక్రోగ్రాములు, తగ్గలేదని 100. డోసు పెరిగాక అమ్మ మంచం పట్టింది. వాంతులు, లేస్తే కళ్లు తిరగడం, బీపీ పడిపోవడం. "ఏటి నాన, మాత్ర వేస్తంటే జబ్బు పెరుగుతంది" అంది.

విశాఖ కేజీహెచ్‌కి తీసుకెళ్లాం. అక్కడి డాక్టరమ్మ థైరాయిడ్ గురించి అడగలేదు. "ఆఖరి కాన్పులో రక్తం బాగా పోయిందా? పాలు పడ్డాయా? తర్వాత నెలసరి వచ్చిందా?" అని అడిగారు. అమ్మకి తెలుగు అంతంత మాత్రం. కొడుకుని, ఆ మాటలు నేనే సవరలో అడగాల్సి వచ్చింది. అమ్మ తల దించుకుని చెప్పింది. చెల్లి ఇంట్లోనే పుట్టిందట. రక్తం ఆగక డోలీలో దించుతుంటే దారిలో స్పృహ తప్పిందట. చెల్లికి పాలు పడలేదు. ఆ తర్వాత నెలసరి రానేలేదు. పద్నాలుగేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. మేమూ అడగలేదు.

దీన్ని షీహాన్ సిండ్రోమ్ అంటారట. కాన్పులో రక్తం ఎక్కువ పోతే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి దెబ్బతింటుంది. థైరాయిడ్‌కీ, కార్టిసాల్ తయారుచేసే అడ్రినల్‌కీ పని చెప్పేది అదే. కార్టిసాల్ తక్కువున్న మనిషికి ముందే థైరాయిడ్ మాత్ర ఇస్తే, ఉన్న కాస్త కార్టిసాల్ కూడా త్వరగా ఖర్చయిపోతుంది. ప్రాణం మీదకొస్తుంది.

కార్టిసాల్ పొద్దున్న ఎక్కువ, రాత్రికి తక్కువ. అందుకే 8 గంటలకి రక్తం తీస్తారు. ఆర్‌ఎంపీ దగ్గర స్టెరాయిడ్ ఇంజెక్షన్లు చేయించారా అని కూడా అడిగారు, వాటివల్లా అది తగ్గుతుందట. అమ్మకి 2 వచ్చింది. 3 కంటే తక్కువంటే లోపం ఉన్నట్టే అన్నారు.

ముందు హైడ్రోకార్టిసోన్ మొదలుపెట్టారు. థైరాయిడ్ మాత్ర కొన్నాళ్లు ఆపి, మళ్లీ 25 నుంచి మెల్లగా పెంచారు. ఈ జబ్బులో టీఎస్‌హెచ్ మామూలుగానే కనబడొచ్చు, అందుకే ఫ్రీ టీ4 చూసి డోసు మారుస్తున్నారు. హైడ్రోకార్టిసోన్ వాడేటప్పుడు మాటిమాటికీ కార్టిసాల్ పరీక్ష చేస్తే లాభం లేదట. బీపీ, సోడియం, వాంతులు, కళ్లు తిరగడం ఇవే చూడాలి. చెల్లి నోటుబుక్కులో రాస్తోంది. ఆ మాత్ర ఒక్కరోజూ మానకూడదు. జ్వరమొస్తే డాక్టరు చెప్పినట్టు డోసు పెంచాలి. వాంతులై మాత్ర నిలవకపోతే వెంటనే ఆస్పత్రికి పోవాలి.

ఇప్పుడు అమ్మ జీడితోటకి నడిచి వెళ్తోంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ మాత్ర వేశాక ఇలా అయితే మీ అంతట మీరు ఆపొద్దు, ఆలస్యమూ చేయొద్దు. ఆ మూడు ప్రశ్నలూ మన భాషలో అడిగి, జవాబులు డాక్టరుకి చెప్పండి. సిగ్గుపడి నేను ఆ రోజు అడగకపోయుంటే ఏమయ్యేదో.