నలభైకి ఒకటి

మేపుల్ సిరప్ ధర చూసి “చెట్టు కార్చే నీళ్లకు ఇంతా?” అని పెదవి విరిచేవాళ్ల మీద చిరాకు వస్తుంది. చెట్టు ఇచ్చేది నీళ్లేనన్న మాట నిజమే. ఖరీదంతా ఆ నీళ్లను వదిలించడానికే. అమెరికాలోని వెర్మాంట్‌లో వందో నూటయాభయ్యో మేపుల్ మాన్లున్న చిన్న రైతు చలికాలం చివర్లో కాండానికి బెజ్జం వేసి బకెట్ తగిలిస్తే, అందులో పడే రసంలో చక్కెర సుమారు 2 శాతం. నోట్లో పోసుకుంటే తీపో కాదో తేల్చుకోలేం. సిరప్ కావాలంటే అది 66 శాతానికి చేరాలి. అంటే దాదాపు 40 లీటర్లు మరిగిస్తే ఒక లీటరు. ఒక బెజ్జం ఏడాదికి ఇచ్చేదీ సుమారుగా అంతే. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే కొద్ది వారాల్లోనే రసం ఊరుతుంది. మొగ్గలు విచ్చుకుంటే రుచి చెడుతుంది. నిలవుంచితే పాడవుతుంది కాబట్టి కట్టెలు ఎగదోస్తూ అర్ధరాత్రి దాకా కాచాల్సిందే. పాకం ముదిరితే సీసా అడుగున పలుకు కడుతుంది, లేతలో దించితే బూజు పడుతుంది.

పెద్ద తోటల్లో ప్లాస్టిక్ గొట్టాలూ, సగానికి పైగా నీటిని ముందే వడగట్టే రివర్స్ ఆస్మాసిస్ యంత్రాలూ ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, కట్టెలు ఆదా అవుతాయి. అయితే ఆ రంగూ రుచీ పుట్టేది మరుగులోనే. పొయ్యి ఎవరికీ తప్పదు. పైగా వంద చెట్ల రైతుకు ఆ యంత్రం ఖర్చు గిట్టుబాటు కావడం కష్టం. చివరికి అదీ చక్కెరేగా అంటే, చక్కెరే. ఆరోగ్యం పేరు చెప్పి అమ్మేవాళ్ల పక్షాన నేను వాదించను.

నా అసలు కోపం మేపుల్ పేరు వాడుకుంటూ పక్కన కూర్చునే మొక్కజొన్న సిరప్ మీద. దానికి మేపుల్ వాసన అద్దడానికి వాడే వాటిలో మెంతుల సారం ఒకటి. మన ఆవకాయలో పడే మెంతులే! మెంతుల్లోనూ అసలు మేపుల్ సిరప్‌లోనూ సోటలోన్ అనే వాసన పదార్థం ఉంది. 2005 నుంచి న్యూయార్క్‌ను అప్పుడప్పుడు మేపుల్ వాసన కమ్మేస్తుంటే జనం కంగారుపడ్డారు. 2009లో ఆరా తీస్తే, అది పక్కనున్న న్యూజెర్సీలో మెంతులు వాడే ఒక పరిమళాల కర్మాగారం నుంచి వస్తోందని తేలింది. అమెరికాలో ఉన్న మనవాళ్లు పాన్‌కేకుల మీద పోసుకునే ముందు సీసా వెనక్కి తిప్పి చదవండి. పదార్థాల జాబితాలో మేపుల్ సిరప్ తప్ప మరో పేరు కనిపిస్తే అక్కడే పెట్టేయండి.