రంగు మారిన రంపాలు

రండి, నెగడు దగ్గరికి జరగండి. ధనుర్మాసం వచ్చిందంటే మా పెదబయలులో పొద్దుగుంకీ గుంకగానే మంచు దిగిపోతుంది. ఎండిన మొద్దు ఇంకోటి ఎగదోస్తే గానీ కబుర్లకు నోరు లేవదు. ఈ మొద్దులు కోసిన మిషన్ రంపం సంగతే ఈ పూట చెప్పాలని ఉంది.

మా వైపు కాఫీ తోటంటే పైన సిల్వర్ ఓక్ నీడ, దాని ఒంటిని పట్టుకుని పాకే మిరియాల తీగ, కింద కాఫీ మొక్క. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటి ఈ కొండల మీద పడ్డప్పుడు ఆ ఓకులు వేళ్ళతో సహా కాఫీ మీదికి ఒరిగిపోయాయి. కాయ పండబోయే వేళ అది. మీద పడ్డ మానును గొడ్డలితో నరికితే వేటు వేటుకీ అది దొర్లి, కింద మిగిలిన మొక్కను కూడా నలిపేస్తుంది. చైన్ తిరిగే రంపమైతే మాను కదలకుండా ముక్క వెనక ముక్క తీసేయొచ్చు. దాని విలువ అప్పుడు బాగా తెలిసొచ్చింది.

తర్వాత కుర్రాళ్ళు కొనుక్కోవడం మొదలెట్టారు. "మావా, ఏ కంపెనీది తీసుకోమంటావు?" అని అడుగుతారు. పేరొక్కటి చెప్పి పంపేద్దామంటే నాకు మనసొప్పదు. ఎందుకో చెబుతా వినండి.

స్వీడన్‌లో జాన్‌సెరెడ్ అని ఎర్ర రంగు రంపం ఉండేది. 1954లో తొలి చైన్ సా తెచ్చిన పాత పేరు. దానికి పోటీ నారింజ రంగు హస్క్‌వర్నా. 1689లో తుపాకుల కర్మాగారంగా పుట్టి, 1959లో రంపాల్లోకి దిగిన కంపెనీ అది. 1970ల చివరికి రెండూ ఎలక్ట్రోలక్స్ గొడుగు కిందికే చేరాయి. ఆ తర్వాత ఎర్ర రంపానికీ నారింజ రంపానికీ లోపల తేడా తగ్గుతూ వచ్చింది. జాన్‌సెరెడ్ 2260 విప్పి చూస్తే హస్క్‌వర్నా 562 కనిపిస్తుంది. చివరికి 2020 ప్రాంతంలో ఎర్ర పేరు తీసేశారు. ఆ చివరి రోజుల ఎర్ర మిషన్ ఉన్నవాడు దిగులు పడనక్కర్లేదు, నారింజ మిషన్ సామాను దానికి చాలావరకు అతుకుతుంది.

మెకల్లక్‌ది దీనికి తిరగేసిన కథ. రాబర్ట్ మెకల్లక్ 1943లో అమెరికాలో పెట్టిన కంపెనీ. ఒక్క మనిషి ఎత్తి కోయగలిగేలా రంపం బరువు దించిన వాళ్ళలో ఆయన ఒకడు. 1999లో కంపెనీ దివాలా తీసింది. పేరు చేతులు మారి, చివరికి హస్క్‌వర్నా దగ్గరికే చేరింది. అక్కడ రంగు పోయినా రంపం మిగిలింది, ఇక్కడ పేరు మిగిలింది గానీ పాత రంపం లేదు. తాత వాడిన పేరు చూసి మనవడు కొంటే చేతికొచ్చేది వేరే వస్తువు. నాకు బాధ కలిగించేది ఇదే. జర్మనీ డోల్మార్ కూడా 1991లో మకిటా చేతికి పోయి, ఆనక పేరే లేకుండా పోయింది. ఈ పేర్లలో స్టీల్ అనే రంపాల కంపెనీ ఒక్కటే 1926 నుంచి అదే కుటుంబం చేతిలో ఉంది.

మరి దేన్ని నమ్మాలి? లోపలి లోహాన్ని. కోత పనివాళ్ళ కోసం చేసిన రంపంలో క్రాంక్ కేసు మెగ్నీషియంతో రెండు చెక్కలుగా ఉంటుంది. బేరింగులు అరిగితే విప్పి, మార్చి, మళ్ళీ బిగించొచ్చు. ఇంటి వాడకం మిషన్లలో చాలావాటికి ఇంజను ప్లాస్టిక్ డొప్పలో కూర్చుంటుంది. రోజంతా కోస్తే ఆ వేడికి తట్టుకోదు. ఇక సంతల్లో, ఫోన్లో చవగ్గా దొరికే 58 సీసీ మిషన్లున్నాయే, అవి పేరున్న వాళ్ళ రంగులే పూసుకొస్తాయి. పాడైతే సామాను ఎవరిని అడగాలో తెలియదు. పేరు గొప్ప ఊరు దిబ్బ అనడానికి వాటికి ఆ పేరు కూడా లేదు.

పాత మిషన్ కొనేవాడికి నేను చెప్పేది ఒక్కటే. సైలెన్సర్ మరలు విప్పించండి. ఆ కంతలోంచి పిస్టన్ కనిపిస్తుంది. తాడు మెల్లగా లాగుతూ టార్చి వేసి చూడండి. నున్నగా, మిషన్ పట్టిన సన్నటి అడ్డగీతలతో ఉంటే బతికున్న ఇంజను. నిలువునా గాట్లుంటే ఎవరో ఆయిల్ సరిగ్గా కలపకుండా నడిపి ఉండొచ్చు. పైన ఎంత తళతళలాడినా బేరం మానేయండి. లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్ల మంచి టూ స్ట్రోక్ ఆయిల్, 50కి 1 అన్నమాట. కళ్ళతో అంచనా వేసి పోస్తే ఏ దేశపు లోహమైనా గీసుకుపోతుంది.

రంపం పన్ను పదును మరో సంగతి. 1940ల్లో జో కాక్స్ అనే అమెరికా కోతవాడు మొద్దులో తొలుచుకుపోతున్న పురుగును గమనించాడు. దాని దవడలు అటూ ఇటూ కొరుకుతున్నాయి. అది చూసి ఆయన చేసిన పన్నే దాదాపు ఇవాళ్టి చైన్లన్నిటికీ మూలం. మా కాఫీ కాండం తొలిచే తెల్ల పురుగును తిట్టుకుంటూనే ఈ కథ గుర్తు చేసుకుంటాను. పన్ను పదునుంటే చెక్క పేళ్ళుగా రాలుతుంది. పిండిలా రాలిందా, ఆకురాయి పట్టాలి. మొద్దు చైన్‌తో ఒత్తి కోస్తే ఆ భారమంతా క్లచ్ మీదా బార్ మీదా పడుతుంది.

ఇప్పుడు కొత్తగా వచ్చిన తిప్పలు పెట్రోలుతో. బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే పోస్తున్నారు. ఇథనాల్ గాలిలో తేమను లాగేస్తుంది, మా కొండల మీద తేమకేం కొదవ? నీడ కొమ్మలు కొట్టడం అయ్యాక రంపం నెలల తరబడి అటకెక్కుతుంది. ట్యాంకులో పెట్రోలు అలాగే ఉంటే కార్బొరేటర్‌లోని రబ్బరు పొర బిర్రబిగిసి, మళ్ళీ పని దినాలకు ఎంత లాగినా స్టార్టవదు. ట్యాంకు వంచేసి, స్టార్ట్ చేసి, దానంతటది ఆగేదాకా తిరగనివ్వండి. అప్పుడు అటక ఎక్కించండి. కొనేముందే షాపువాణ్ణి ఆ రబ్బరు పొర ఉందా అని అడగండి. ఉందని చెబితే చాలదు, తీసి బల్ల మీద పెట్టమనండి. విశాఖ నుంచి తెప్పిస్తానంటే ఎన్నాళ్ళకో రాయించుకోండి.