నల్లమల దాటి పాలకొండల దాకా

కర్నూలు, కడప జిల్లాల పేరు చెప్పగానే చాలామందికి ఎండ, నాపరాళ్లు, కరువు గుర్తుకొస్తాయి. ఈ సీమలో ఎన్ని కొండల వరుసలున్నాయో, వాటి మధ్య ఎంత చల్లని లోయలున్నాయో ఇక్కడ పుట్టినవారిలోనే చాలామంది చూసి ఉండరు. పడమర ఎర్రమల, తూర్పున నల్లమల, వాటి నడుమ కుందేరు పారే నల్లరేగడి మైదానం. దక్షిణానికి పోతే లంకమల, పెన్నానది దాటితే పాలకొండలు. మొన్న సంక్రాంతి సెలవుల్లో మేము కర్నూలు నుండి రాయచోటి దాకా మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు ఈ దారిలో జీపులో ప్రయాణం చేశాము. సెలవులకు ఎక్కడికి పోదామా అని ఆలోచించే కుటుంబాలకు ఉపయోగపడుతుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఈ ప్రయాణం మా అమ్మ కోసం పెట్టుకున్నది. ఆమెకు డెబ్బై ఎనిమిదేళ్లు. కలసపాడుకు అవతల నల్లమల అంచున ఉన్న ఒక చిన్న పల్లె ఆమె పుట్టినూరు. నలభై ఏళ్లుగా ఆ ఊరు చూడలేదు. "కాళ్లు ఆడేటప్పుడే ఒకసారి తీసకపోండి నాయనా" అని రెండేళ్లుగా అడుగుతూ ఉంది. తారురోడ్డు నుండి ఆ ఊరికి ఆరు కిలోమీటర్లు బండిబాట, మధ్యలో ఒక వంక. మామూలు కారు పోదు. అందుకని మా చిన్నాయన కొడుకును, అతని పాత జీపును అడిగాము. తమ్ముడు బేతంచెర్ల నాపరాయి గనుల్లో ఇరవై ఏళ్లు బండ్లు నడిపినవాడు.

బయలుదేరకముందు

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం తయారైన విల్లీస్ జీపును స్వాతంత్ర్యం వచ్చిన నాళ్లలో మహీంద్రా కంపెనీ మన దేశంలో బిగించడం మొదలుపెట్టింది. యుద్ధానికి పుట్టిన ఆ బండి మన పల్లెల్లో పెండ్లివారిని, రోగులను, చెనిక్కాయల మూటలను మోసింది. దాని బలమంతా నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందడంలో ఉంది. రెండు చక్రాలు ఇసుకలోనో బురదలోనో తిరిగిపోతున్నా మిగిలిన రెండు బండిని లాగుతాయి.

తమ్ముడు ముందురోజే టైర్లు, బ్రేకులు, రేడియేటర్ నీళ్లు, ఫ్యాను బెల్టు చూసుకున్నాడు. స్టెప్నీ, జాకీ, ఇంకొక బెల్టు, మోకు, పార, చక్రాల కింద పెట్టడానికి రెండు చెక్క దిమ్మెలు, రెండు క్యాన్ల నీళ్లు వెనుక సర్దాడు. నా భార్య జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, చింతకాయ తొక్కు కట్టింది. తెల్లవారుజామున ఐదు గంటలకు ప్రార్థన చేసుకొని బయలుదేరాము.

నల్లమల ఘాటు

నంద్యాల దాటి గాజులపల్లె వచ్చేసరికి పొద్దు పొడిచింది. అక్కడినుండి గిద్దలూరు వైపు రోడ్డు నల్లమలలోకి ఎక్కుతుంది. ఇది ఇప్పుడు అనంతపురం–గుంటూరు జాతీయ రహదారిలో భాగం. రెండు పక్కలా వెదురు, టేకు, నల్లమద్ది. ఈ అడవి 1990లో గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యంగా ప్రకటించబడింది. చిరుతపులులు తిరిగే చోటు గనుక దారిలో ఎక్కడ పడితే అక్కడ దిగకూడదు. కోతులకు తిండి వేయకూడదు. వేస్తే అవి రోడ్డు మీదికే అలవాటు పడి బండ్ల కింద పడతాయి.

రోడ్డుకు తోడుగా ఈ కొండల్లో రైలుమార్గం కూడా ఉంది. 1876–78లో వచ్చిన ధాత కరువులో సీమ ప్రజలు లక్షలాదిగా చనిపోయారు. ధాన్యం ఉన్నచోటి నుండి లేనిచోటికి చేర్చే దారి లేకపోవడం ఆ చావులకు ఒక పెద్ద కారణం. ఆ తరువాత 1880ల్లో నల్లమలను తొలిచి మీటర్‌గేజి వేశారు. కొండలోని సొరంగాన్ని ఇక్కడివారు బొగద అంటారు. తరువాత ఆ మార్గం బ్రాడ్‌గేజి అయింది. మా అబ్బాయి ఈ సంగతి విని, "అయితే దారి లేకపోతే కూడా కరువొస్తుందా నాయనా?" అని అడిగాడు. "వస్తుంది. మీ జేజిని అడుగు, చెప్తుంది" అన్నాను.

దిగువమెట్ట వైపు దిగేటప్పుడు తమ్ముడు రెండో గేరు వేసి బ్రేకు మీద నుండి కాలు తీసేశాడు. "ఎక్కిన గేరులోనే దిగాల. బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే అది కాలిపోయి, కావలసినప్పుడు పట్టదు" అన్నాడు. మా ముందున్న ఒక కారు నుండి మాడు వాసన వస్తూనే ఉంది.

సగిలేటి లోయ

గిద్దలూరు 1970 వరకు కర్నూలు జిల్లాలోనే ఉండేది. అక్కడినుండి దక్షిణంగా కలసపాడు, పోరుమామిళ్ల, బద్వేలు వరకు సగిలేటి లోయ. పడమర నల్లమల, తూర్పున వెలికొండ. పందొమ్మిదో శతాబ్దంలో ఎస్.పి.జి. మిషనరీలు ముత్యాలపాడు, కలసపాడు కేంద్రాలుగా ఈ పల్లెల్లో తిరిగినప్పుడు వారికి ఎద్దుల బండ్లు, గుర్రాలే ఆధారం.

తారురోడ్డు వదిలాక తమ్ముడు దిగి వంకను నడిచి చూశాడు. నీళ్లు మోకాటి లోతు కూడా లేవు గాని అడుగున గుండ్రాళ్లు. ఫోర్‌వీల్ వేసి, తక్కువ గేరులో, ఆపకుండా నిదానంగా దాటించాడు. అమ్మ ముందు కమ్మీని గట్టిగా పట్టుకుంది. "ఏమ్మా, భయమా?" అన్నాను. "భయమేం లేదు. ఈ వంక కాడనే మా చిన్నోడు పోయినాడు" అంది.

అప్పుడు ఆమెకు పదేళ్లు, తమ్ముడికి ఐదు. జ్వరంతో మూర్ఛలు వస్తుంటే రాత్రిపూట ఎద్దుల బండిలో ఆసుపత్రికి బయలుదేరారు. వంక పారుతూ ఉంది. నీళ్లు తగ్గేవరకు గట్టున కూర్చున్నారు. తెల్లవారేసరికి పిల్లవాడు లేడు. ఈ సంగతి మా అమ్మ ఇంతకుముందు మాలో ఎవరికీ చెప్పలేదు.

ఊరిలో ఆమెను గుర్తుపట్టింది ఒకే ఒక ముసలమ్మ. ఇద్దరూ చేతులు పట్టుకొని అరుగు మీద గంటసేపు కూర్చున్నారు. మేము తిరిగి బయలుదేరేటప్పుడు ఒక అతను వచ్చి, "అన్నా, మా నాయనకు కాలు పుండు పడి చీము పట్టింది, షుగరుంది. పోరుమామిళ్ల దాకా ఎక్కించుకుంటారా?" అని అడిగాడు. 108 బండి వానాకాలంలో వంక దాటి రాదట. రోగిని ట్రాక్టరు మీద తారురోడ్డుకు చేర్చుకోవాలి. పెద్దాయనను ముందు సీటులో కాలు చాపుకొనేలా కూర్చోబెట్టాము. అమ్మ వెనుకకు వచ్చింది. వంక దాటుతున్నప్పుడు, "ఆ పొద్దు ఇట్లాంటి బండి ఒకటి ఉండుంటే" అని, మాట ఆపేసింది.

తండ్రీకొడుకులను పోరుమామిళ్ల ఆసుపత్రి దగ్గర దింపి, చెరువుకట్ట మీదికి వెళ్లాము. విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించిన చెరువు ఇది. 1369 నాటి శాసనంలో దీని సంగతంతా ఉంది. రోజుకు వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని. చెరువు కట్టడానికి కావలసిన పన్నెండు అంగాలను, రాకూడని ఆరు దోషాలను కూడా అందులో చెక్కించారు. ఇన్ని వందల ఏళ్ల కిందటివారు రాబోయే తరాల నీళ్ల కోసం అంత జాగ్రత్త పడ్డారు.

లంకమల, పెన్న, గువ్వలచెరువు

బద్వేలు నుండి సిద్ధవటం దారి లంకమల కొండల మధ్యగా పోతుంది. కలివికోడి అనే పిట్ట ఉన్నది ఈ ముళ్లపొదల్లోనే. 1848లో జెర్డన్ అనే ఆంగ్లేయ వైద్యుడు దాన్ని లోకానికి తెలియజేశాడు. 1900 తరువాత కనిపించకపోవడంతో అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే స్థానికుడు రాత్రిపూట టార్చిలైటుతో దాన్ని పట్టి చూపించాడు. ఆ పిట్ట కోసం తెలుగుగంగ కాలువ దారినే మళ్లించారు. లోకంలో మరెక్కడా సహజంగా పెరగని ఎర్రచందనం కూడా ఈ కొండల సొత్తే. అందుకే చెక్‌పోస్టుల్లో బండి వెతుకుతారు. విసుక్కోకుండా సహకరించాలి.

సిద్ధవటం దగ్గర పెన్నను, ఏటి ఒడ్డు కోటను చూసి, రాత్రికి కడప బంధువుల ఇంట్లో ఉన్నాము. మరునాడు రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాటు ఎక్కాము. పాలకోవాకు పేరుపడిన ఊరు అది. లారీల ప్రమాదాలకు కూడా ఆ ఘాటు పేరుపడింది. మలుపుల్లో తమ్ముడు హారన్ కొట్టకుండా తిరగలేదు, ఒక్క బండినీ దాటే ప్రయత్నం చేయలేదు. ఇరుకు చోట దిగేబండి ఆగి, ఎక్కేబండికి దారి ఇవ్వాలి. ఇది మర్యాదే కాదు, చట్టం కూడా.

వెళ్లాలనుకునేవారికి

వానలు వెనుకబడి చలి మొదలైనాక, అంటే నవంబరు నుండి ఫిబ్రవరి వరకు ఈ దారులు బాగుంటాయి. ఎండాకాలంలో ఇంజను త్వరగా వేడెక్కుతుంది. అప్పుడు రేడియేటర్ మూత వెంటనే తీయకండి, చల్లారేవరకు ఆగండి. అడవి బాటల్లోకి అటవీశాఖ అనుమతి లేకుండా పోవద్దు. ఆత్మకూరు–దోర్నాల దారిలో పులుల కోసం రాత్రి రాకపోకలు ఆపుతారు గనుక పగలే దాటండి. పారే వంకను నడిచి చూడకుండా బండి దింపవద్దు. నీళ్లు ఎర్రగా, వేగంగా ఉంటే ఎంత బలమైన బండైనా ఆగవలసిందే.

ఇంకొక మాట. లోపలి పల్లెకు పోయినప్పుడు బండిలో ఒక సీటు ఖాళీగా ఉంచుకోండి. తిరుగు ప్రయాణంలో దాని అవసరం ఎవరికో ఒకరికి ఉంటుంది. మా అమ్మ ఊరివారు వంక మీద వంతెన కావాలని అర్జీ రాసుకున్నారు. సంతకాల కింద అమ్మ కూడా వేలిముద్ర వేసింది.