టక్ టక్ ఖరీదు

రెండు డ్రైవ్ షాఫ్టులూ మార్చాలి, లేబరూ పన్నూ కలుపుకుని 18,300 అవుతుందన్నారు. తొమ్మిదేళ్ల నాటి మా పెట్రోలు కారు మలుపుల్లో టక్ టక్‌మంటోందని ఓ సర్వీసు సెంటరులో చూపిస్తే చేతిలో పెట్టిన ఎస్టిమేటు ఇది. జాకీ ఎత్తలేదు, చక్రం విప్పలేదు. పక్కనున్న కుర్రాడు "పాతదైపోయింది కదండీ, ఎక్స్ఛేంజిలో ఇచ్చేయండి, జీఎస్టీ కూడా తగ్గింది" అన్నాడు. తగ్గిన మాట నిజమే. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద 28 శాతం కాస్తా 18 అయింది. 28లో ఉన్న విడిభాగాలు కూడా 18కే వచ్చాయన్న సంగతి మాత్రం అతను ఎత్తలేదు. సంతకం పెట్టకుండా బండి మండపేట తెచ్చేసుకున్నాను.

కారు విషయంలో నా పద్ధతి ఒకటుంది. సామాను కొనే ముందు, రోగమేమిటో తెలుసుకోవడానికి డబ్బు పెడతాను. మన వైపు మెకానిక్‌లు చూసినందుకు ఫీజు తీసుకోరు, అడగడం నామోషీ అనుకుంటారు. మర్యాదగానే ఉంటుంది గానీ, ఊరికే చూసినవాడికి గిట్టాలంటే ఏదో ఒకటి మార్చక తప్పదు. ఆ ఫీజు బిల్లులో ఇంకో పేరుతో కూర్చుంటుంది. అందుకే రామచంద్రపురం రోడ్డులో షెడ్డు పెట్టుకున్న కుర్రాడితో ముందే అన్నాను: "తమ్ముడూ, చూసినందుకు మూడొందలు. మార్చాల్సిందేమీ లేదన్నా ఇస్తాను."

"చూడ్డానికి డబ్బులేంటండి మాస్టారూ" అని నవ్వాడు. కానీ ఆ తర్వాత చూసిన తీరు వేరు.

కొంత పని అంతకుముందే నేను చేసుకున్నాను. రైసు మిల్లు ఎదురుగా ఖాళీ జాగాలో స్టీరింగు చివరంటా కోసి నెమ్మదిగా గుండ్రంగా తిప్పాను. ఎడమకి తిరుగుతుంటే టక్ టక్, కుడికైతే లేదు. బ్రేకు తొక్కినా చప్పుడు మారలేదు కాబట్టి ప్యాడ్ల దగ్గర వదులైన క్లిప్పు కాదు. టైరు గాడిలో ఇరుక్కున్న కంకర రాయైతే తిన్నగా పోతున్నా మోగుతుంది, వేగంతో పాటు జోరందుకుంటుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు వచ్చే గబగబ టకటక సంగతి వేరు. అది బ్యాటరీ నీరసం, లేదా టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లపొడి. వేడినీళ్లతో కడుక్కుంటే చాలాసార్లు పైసా ఖర్చు లేకుండా పోతుంది. ఇంజను ఆపాక సైలెన్సరు చల్లారుతూ చేసే టిక్ టిక్‌కి మా ఆవిడ ఇప్పటికీ కంగారు పడుతుంది. దానికి వైద్యం అక్కర్లేదు.

మలుపులో వచ్చేది ఎక్కువగా షాఫ్టు చివరి జాయింటుదే. లోపల ఉక్కు గోళీలు, పైన ముడతల రబ్బరు బూటు. బూటు చిరిగితే గ్రీజు బయటికి, బురద లోపలికి. నాట్లప్పుడు ట్రాక్టర్ల దమ్ము చక్రాలు పొలంలో బురదంతా తెచ్చి రోడ్డు మీద పోస్తాయి. కాలువ గట్టు దిగి ఇరుకు వంతెన ఎక్కాలంటే స్టీరింగు పూర్తిగా కోయాల్సిందే. డెల్టాలో తిరిగే కారుకి ఈ రెండూ తప్పవు.

చప్పుడు ఎడమ మలుపులో కాబట్టి షెడ్డు కుర్రాడు ముందు కుడి చక్రం విప్పాడు. రిమ్ము లోపలి వైపంతా నల్లటి గ్రీజు చిమ్మి ఉంది. వేలితో కాస్త తీసి, బొటనవేలితో నలిపి నా ముందు పెట్టాడు. కరకరలాడింది. "గ్రీజు కాదండీ ఇది, సగం ఇసకే." ఎడమ వైపు జాయింటు బాగానే ఉంది, బూటు మాత్రం పగుళ్లు పట్టింది. కుడి జాయింటు కిట్టు 2,600, ఎడమ బూటు 650, లేబరు 900, చూసినందుకు 300. మొత్తం 4,450.

షాఫ్టంతా కొనకుండా జాయింటు ఒక్కటే రాజమండ్రి షాపులో దొరకడం చిన్న విషయం కాదు. విడిభాగాలు, రిపేరు సమాచారం బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద దాదాపు 2,544 కోట్ల జరిమానా వేసింది. అది అప్పీళ్లకెక్కింది. ఏదేమైనా, బయట సామాను కొనుక్కునే దారి తెరిచి ఉన్నంత కాలం ఎస్టిమేటు మీద సంతకం పెట్టే తొందర నాకు లేదు.

ఎక్స్ఛేంజి లెక్క కూడా వేసి చూశాను. ఆరు లక్షల అప్పు, 9 శాతం వడ్డీ, ఐదేళ్లు అంటే నెలకి 12,450 పైచిలుకు. ఒక్క నెల కిస్తీతో ఇలాంటి రిపేర్లు దాదాపు మూడు. పాత కారు నెలనెలా రిపేరుకొస్తే ఈ లెక్క తిరగబడుతుంది, కాదనను. మాది ఇంకా అక్కడికి రాలేదు.

ఇన్సూరెన్సు ఉంది కదా అంటారు. మామూలు మోటారు పాలసీ అరుగుదలకీ, దానంతటది చెడిపోయినదానికీ పైసా ఇవ్వదు. అందుకే నెలకి 1,500 చొప్పున కారు పేరున బ్యాంకులో ఆర్డీ కడుతున్నాను. బ్రేకు, చక్రం బోల్టుల చప్పుడైతే బేరం ఆడను, ఆ రోజే షెడ్డుకి. మిగతావి నాలుగు రోజులు విని, ఎప్పుడొస్తోందో కాగితం మీద రాసుకుని వెళతాను. ఎడమ జాయింటు ఇంకా పాతదే. దానికి సరిపడా డబ్బు ఆర్డీలో ఉంది.